నీడను చూడండి, చేప తర్వాత కనిపిస్తుంది: ఫ్లాట్స్‌లో ఫ్లై ఫిషింగ్

నమస్కారం. పోటు సమయంలో మోకాలి లోతు నీరు నిండి, పాటు తీసినప్పుడు ఇసుక బయటపడే ఉష్ణమండలపు తీర మేటలను ఫ్లాట్స్ అంటారు. బహామాస్, బెలీజ్, ఫ్లోరిడా కీస్, సీషెల్స్ దీవుల్లోని ఫ్లాట్స్‌కు ఈ వేటలో మంచి పేరుంది. అక్కడ దొరికే బోన్‌ఫిష్ అనే చేపను ఫ్లై (ఈకలు, దారాలతో కొక్కేనికి కట్టిన నకిలీ ఎర) విసిరే రాడ్‌తో పట్టి, ప్రాణాలతో వదిలిపెట్టడం ఎలాగో ఈ వీడియోలో చూద్దాం. విసరడం కంటే చూడటం గురించే ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడ కనపడని చేపకు గాలం వేయడమనేదే ఉండదు.

సామగ్రి సంగతి త్వరగా ముగిద్దాం. 9 అడుగుల పొడవున్న 8 నంబరు రాడ్ (ఆ నంబరు అది విసరగల లైన్ బరువును తెలుపుతుంది), తేలే లైన్, దాని చివర ఫ్లైకి ముందు కట్టే 9 నుంచి 12 అడుగుల సన్నని లీడర్ దారం, ఉప్పునీటిని తట్టుకునే మంచి డ్రాగ్ (చేప లైన్ లాగేటప్పుడు బిగించి పట్టే బ్రేకు) ఉన్న రీల్ సరిపోతాయి. ఫ్లై విషయానికి వస్తే, బహామాస్‌లోని ఆండ్రోస్ దీవిలో పుట్టిన క్రేజీ చార్లీతో మొదలుపెట్టండి. దాని బరువైన కళ్ల వల్ల కొక్కెం మొన పైకి తిరిగి ఉంటుంది కాబట్టి, అడుగున ఉన్న గడ్డికి చిక్కుకోవడం తక్కువ. అయితే పోలరైజ్డ్ కళ్లద్దాలు లేకపోతే ఇవన్నీ ఉన్నా ప్రయోజనం లేదు. లేత గోధుమ రంగు అద్దాలైతే ఇసుక మీద తేడాలు బాగా తెలుస్తాయి.

నీరు ఎక్కడం మొదలైన తొలి గంటలు నాకు ఎక్కువ ఇష్టం. లోతైన కాలువల్లో ఆగి ఉన్న బోన్‌ఫిష్, పీతలూ రొయ్యలూ పురుగులూ తినడానికి ఆ నీటితో పాటే మేట మీదికి వస్తుంది. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కనుక, నిన్న చేపలు కనబడిన గంటకే ఈ రోజూ వెళ్లి నిలబడితే ఖాళీ ఇసుక చూసి రావలసి వస్తుంది.

ఇప్పుడు తెర మీద ఈ దృశ్యం చూడండి. చేప ఎక్కడుందో చెప్పగలరా? దాని పొలుసులు అద్దాల్లా అడుగునున్న ఇసుక రంగునే చూపిస్తాయి, అందువల్ల చేప దాదాపు మాయమైపోతుంది. కానీ నీడను అది దాచుకోలేదు. సూర్యుణ్ణి వీపు వెనుక పెట్టుకుని, నీటి పైభాగాన్ని కాక అడుగును చూస్తూ ఉంటే, ఇసుక మీద కదిలే బూడిదరంగు గీత ఒకటి ముందు దొరుకుతుంది, దాని పైన చేప తర్వాత దొరుకుతుంది. నీటి లోతు మరీ తక్కువగా ఉన్నచోట ఇంకో గుర్తు ఉంది. బోన్‌ఫిష్ తల కిందికి పెట్టి ఇసుకను తవ్వుతుంటే, దాని తోక కొస నీటి పైకి వచ్చి ఎండలో తళుక్కుమంటుంది. టేకు చేప (స్టింగ్‌రే) ఇసుక రేపుకుంటూ పోతున్నా ఆగి చూడండి. అది లేపిన పీతల కోసం వెనకాలే ఇతర చేపలు వస్తుంటాయి.

ఆ టేకు చేపే మీ కాళ్ల కిందా ఉండవచ్చు. కాబట్టి పాదాలు ఎత్తి వేయకుండా, ఇసుక మీద ఈడ్చుకుంటూ నడవండి. అలికిడికి అది తప్పుకుపోతుంది. తొక్కితే మాత్రం తోక ముల్లు దిగుతుంది. మడ చెట్ల వేళ్ల దగ్గర కనబడే పిల్ల నిమ్మ సొరలను చూసి భయపడనక్కరలేదు, అవి పెద్ద చేపల నోట పడకుండా అక్కడ పెరుగుతుంటాయి. నేను ఒకసారి గంటసేపు వెంబడించిన "బోన్‌ఫిష్" అలాంటి పిల్ల సొరే.

కదిలే చేపకు ఆరేడు అడుగుల ముందు ఫ్లై పడాలి. అడుగుకు దిగనిచ్చి, ఎడమ చేత్తో లైన్‌ను చిన్నగా లాగండి. చేప వెంటపడి, ఆగి, తల వంచిన క్షణంలో రాడ్ ఎత్తాలని చేయి తొందరపడుతుంది. ఎత్తకండి. ఎత్తితే ఫ్లై దాని నోటి ముందు నుంచి ఎగిరిపోతుంది; నా మొదటి మూడు చేపలు ఇలాగే పోయాయి. రాడ్ కొసను చేప వైపే ఉంచి, లైన్‌ను పొడవుగా ఒక్క లాగు లాగండి. బరువు తగిలాక అది పరుగు తీస్తుంది, అప్పుడు రాడ్ ఎత్తి, లైన్‌ను వేళ్ల మధ్య నుంచి పోనివ్వండి.

చేపను తొందరగా దగ్గరికి తెచ్చుకోండి. మొన పక్కనుండే ఎదురు ముల్లును నొక్కేసిన కొక్కెం అయితే చేపను నీటిలోనే ఉంచి విప్పేయవచ్చు. ఫోటో కోసం గాలిలో ఎక్కువసేపు పట్టుకున్న బోన్‌ఫిష్ వదిలాక తూలుతుంది, తూలే చేపను సొరలు ఇట్టే పసిగడతాయి. తడి చేతులతో, పొట్ట కిందికి ఉండేలా నీటిలో పట్టుకుని, తోక తానే గట్టిగా ఆడించే వరకు ఉంచి వదలండి. చుట్టూ సొరలు తిరుగుతుంటే ఆ రోజుకు ఆ చోట గాలం వేయడం మానుకుని, వేరే మేటకు వెళ్లండి.