ఇంటి కార్బన్ లెక్క: శ్రోతల ఫోన్లు, నిపుణుడి జవాబులు

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. ఇంటి వాడకం వల్ల గాలిలో కలిసే కార్బన్‌ను కొలవడం, తగ్గించడం గురించి మీ ప్రశ్నలకు ఇంధన నిపుణులు జవాబులు చెబుతారు. మొదటి శ్రోత, చెప్పండి.

శ్రోత 1: నమస్కారమండీ. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నిపుణుడు: గడిచిన 12 నెలల కరెంటు బిల్లులు తీసి యూనిట్లు కూడండి. ఒక్క నెల బిల్లును 12తో హెచ్చవేయవద్దు, ఎందుకంటే ఎండాకాలం వాడకానికీ చలికాలం వాడకానికీ పొంతన ఉండదు. బొగ్గు కరెంటైతే యూనిట్‌కు సుమారు 1 కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. జలవిద్యుత్తయితే అందులో చాలా తక్కువ. పెట్రోలు లీటరుకు 2.3 కిలోలు, డీజిలు లీటరుకు 2.7, వంటగ్యాస్ కిలోకు 3. లీటరు పెట్రోలు ముప్పావు కిలోయే తూగుతుంది కదా అంటారు. దానిలోని కార్బన్ మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకొంటుంది, ఎక్కువైన బరువు దానిదే. ముందు కొలవండి, తరువాతే ఏదైనా కొనండి.

శ్రోత 1: మేము నలుగురం, మరి నాలుగుతో...

నిపుణుడు: భాగించండి. తలకు ఎంతో తెలుస్తుంది.

నిర్వాహకురాలు: ధన్యవాదాలు. తరువాతి శ్రోత.

శ్రోత 2: నమస్కారం సార్. నేను ఏడాదిగా ప్రతి నెలా ఒకటో తేదీన మీటరు చూసి నోటుపుస్తకంలో రాస్తున్నాను. ఐదు పాత బల్బులు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టాము, ప్లాస్టిక్ సంచులు మానేశాము. ఏడాదికి 370 యూనిట్లు తగ్గాయి, ఇంకా 2160 వస్తున్నాయి. ఈ సంచుల లెక్క ఎలా రాయాలి? అన్నట్టు, ఏసీ సరిగా చల్లబరచడం లేదని, పోయిన వేసవిలోనూ ఈ వేసవిలోనూ గ్యాస్ నింపించాము...

నిపుణుడు: అమ్మా, అక్కడ ఆగండి. ఏసీలో గ్యాస్ పెట్రోలులా అయిపోయే వస్తువు కాదు, మూసిన రాగి గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. రెండేళ్లూ నింపించారంటే కారుతోందన్న మాట. అది ఏ గ్యాసో బయటి యూనిట్ పలక మీద రాసి ఉంటుంది.

శ్రోత 2: ఉండండి సార్, చూస్తాను... ఆర్-410ఏ, 1 కిలో అని ఉంది. మరి సంచులు?

నిపుణుడు: సంచుల దగ్గరికీ వస్తాను. ఆర్-410ఏ ఒక కిలో గాలిలో కలిస్తే, వందేళ్ల వ్యవధిలో సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. మీది బొగ్గు కరెంటైతే మీ ఇంటి ఏడాది కరెంటు మొత్తం కూడా అంతే! ఇంత శ్రద్ధగా పుస్తకం రాసిన మీకు ఈ పద్దు గురించి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంది. గొట్టాలు కలిసే నట్ల దగ్గర జిడ్డు కనిపిస్తోందా?

శ్రోత 2: అవును సార్, నల్లగా, దుమ్ము పట్టి ఉంది. మెకానిక్ గుడ్డతో తుడిచి నింపి వెళ్లాడు.

నిపుణుడు: గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె బయటికి వస్తే అలాగే జిడ్డు కడుతుంది. ఈసారి మిగిలిన గ్యాస్‌ను సిలిండర్‌లోకి పట్టి, నైట్రోజన్ ఒత్తిడి పెట్టి, సబ్బు నీటితో కారే చోటు వెతికి, బిగించిన తరువాతే తూకం వేసి నింపమనండి. ఉన్నదాన్ని గాలిలోకి వదలనివ్వవద్దు. ఈ జాతి వాయువులను తగ్గించడానికే 2016లో రువాండా రాజధాని కిగాలీలో, ఓజోన్ పొరను కాపాడేందుకు దేశాలు చేసుకొన్న మాంట్రియల్ ఒడంబడికను సవరించారు.

శ్రోత 2: అయితే ఆర్-32 ఉన్న కొత్త ఏసీ కొనేదా? సంచుల సంగతి కూడా...

నిపుణుడు: ఆ గ్యాస్ ప్రభావం ఆర్-410ఏలో మూడో వంతే, నిజమే. కానీ మళ్లీ చెబుతున్నాను, ముందు కొలవండి, తరువాతే కొనండి. కారుడు ఆగితే మీ ఏసీ ఇంకొన్నేళ్లు పనిచేయవచ్చు. ఇక సంచులు: కాలువలకూ పశువులకూ మేలు, మానడం మంచిదే, కానీ కార్బన్‌లో ఏడాది మొత్తానికీ కొద్ది కిలోలే. పుస్తకంలో ఆ వరుస కొట్టేసి అక్కడ ఏసీ గ్యాస్ రాయండి.

నిర్వాహకురాలు: ధన్యవాదాలమ్మా. సమయం తక్కువగా ఉంది, చివరి శ్రోత.

శ్రోత 3: పెట్రోలు కారు అమ్మేసి ఎలక్ట్రిక్ కారు కొనమంటారా?

నిపుణుడు: ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు నడుపుతారు?

శ్రోత 3: సరిగ్గా చెప్పలేనండీ.

నిపుణుడు: అయితే ఈ రోజే కారు మీటరు రీడింగు రాసుకోండి, నెల తరువాత మళ్లీ రాయండి. బ్యాటరీ తయారీలోనే చాలా కార్బన్ వెలువడుతుంది. ఎక్కువ దూరం తిరిగేవారికి అది త్వరగా తీరుతుంది, కారు నెలకు రెండుసార్లే తీసేవారికి ఏళ్లు పడుతుంది.

నిర్వాహకురాలు: సమయం అయిపోయింది. నమస్కారం.