చలిపందిరిలో పందిరి ఏది?

(ఏప్రిల్ చివరి వారంలో కావలిలో టెంట్ హౌస్ వాళ్ళు, రోడ్డు పక్క వ్యాపారులు, పంచాయతీ సభ్యులు కూడిన సమావేశంలో చేసిన ప్రసంగం)

అమ్మలకు, అయ్యలకు, పెళ్ళిళ్ళ సీజన్‌లో పనులు ఆపుకుని వచ్చిన టెంట్ హౌస్ సోదరులకు నమస్కారం.

నేను ఇంజనీరును కాను. 30 ఏళ్ళుగా పందిళ్ళు వేస్తున్నాను. మా నాన్న తాటాకు పందిళ్ళు వేసేవాడు, నేను షామియానాలకు మారాను, ఇప్పుడు మా అబ్బాయి పైపులు, షేడ్ నెట్లు, సోలార్ పలకలు అంటున్నాడు. మాది ఉలవపాడు దగ్గర పల్లె. 2022 ఏప్రిల్ దాకా ప్రకాశం జిల్లా, అప్పుడు నెల్లూరు జిల్లాలో కలిపారు. కనిగిరి వైపు పొడి ఎండా తెలుసు, ఈ సముద్రం పక్క ఉక్కపోతా తెలుసు.

ఇవాళ మనం చలివేంద్రం అంటున్నదాన్ని పెద్దలు చలిపందిరి అనేవాళ్ళు. బాటసారులకు వేసవిలో నీళ్ళిచ్చే చోటు అది. ఆ మాటలోనే పందిరి ఉంది. ఎండన పడి వచ్చిన మనిషి ముందు నీడలోకి రావాలి, కాసేపు కూర్చోవాలి, ఆ తర్వాత నీళ్ళు తాగాలి. ఇప్పుడు మన చలివేంద్రాలు చూడండి. రెండు కుండలు, ఒక బల్ల, వెనక పెద్ద ఫ్లెక్సీ. పైన నాలుగడుగుల గుడ్డ. నీళ్ళు తాగే మనిషి ఎండలో నిలబడే తాగుతున్నాడు. నీళ్ళు మిగిలాయి, పందిరి పోయింది. ఇల్లూ వాకిలీ లేనివాణ్ణి మనం 'నిలువ నీడ లేనివాడు' అంటాం. నీడకు అంత విలువ ఇచ్చిన భాష మనది.

ఇది చిన్న విషయం కాదు. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళే. బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ప్రకాశం ఒకటి. వడదెబ్బకు పోయేది ఎవరు? కూలికి వెళ్ళినవాళ్ళు, గొర్రెలు మేపేవాళ్ళు, బస్సు కోసం నిలబడ్డ ముసలివాళ్ళు. 2005 ఉపాధి హామీ చట్టం పనిచేసే చోట తాగునీటితో పాటు నీడ కూడా ఉండాలని షెడ్యూల్‌లోనే రాసింది. నీళ్ళ క్యాన్లు వచ్చాయి. నీడ మాత్రం చాలాచోట్ల తుమ్మచెట్టు దయ మీదే నడిచింది.

ఇక పనిలోకి వస్తాను. పందిరి గాలిని చల్లబరచదు. ఎండలో, షామియానా కింద థర్మామీటర్లు పెట్టి గాలి వేడి చూస్తే పెద్ద తేడా రాదు. మరి హాయిగా ఎందుకుంటుంది? మిట్టమధ్యాహ్నం ఎండ ఒక చదరపు మీటరు మీద దాదాపు 1000 వాట్ల వేడి కుమ్మరిస్తుంది. ఒక ఇస్త్రీపెట్టె అంత. పందిరి ఆ దెబ్బను తన మీద వేసుకుంటుంది. అయితే ఆ వేడిని అది ఏం చేస్తుందన్నదే అసలు ప్రశ్న. నీలం టార్పాలిన్ పట్ట దాన్ని మింగి, కాలి, పెనం తిరగేసినట్టు కిందికి వదులుతుంది. ఏడడుగుల ఎత్తున పట్ట కట్టుకుని కూర్చున్న మామిడికాయల ఆమెను అడగండి, నడినెత్తి ఎట్లా మాడుతుందో చెబుతుంది. తాటాకు పందిరి అట్లా కాదు. ఆకు మీద ఆకు, మధ్యలో గాలి. పై ఆకు కాలినా కింది ఆకు కాలదు. సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. మా నాన్నకు ఈ సైన్సు ఎవరూ చెప్పలేదు. 'పందిరి ఊపిరి పీల్చుకోవాల్రా' అనేవాడు, అంతే.

ఇప్పుడు తాటాకు దొరకడం కష్టం, కోసేవాళ్ళు, కట్టేవాళ్ళు అంతకంటే కష్టం, నిప్పురవ్వ పడితే మిగిలేది బూడిద. కాబట్టి మళ్ళీ తాటాకుకే పోదామని నేను అనను. తాటాకు చేసే పనిని కొత్త గుడ్డతో చేయించాలి. అల్లిక షేడ్ నెట్ ఉంది కదా, మిరపనారుకీ పొగాకు నారుకీ వేసే జాతిది, దాన్ని రెండు పొరలుగా, మధ్య ఒక అడుగు ఖాళీతో, 10 అడుగుల ఎత్తున కట్టి చూడండి. పై పొర ఎండలో 75 శాతం ఆపే రకమైనా చాలు. గాలి ఆడుతుంది, వేడి పైకి పోతుంది. అల్లిక నెట్‌కు ఇంకో గుణముంది, కత్తిరించినా దారం ఊడుతూ పోదు. ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాలను తట్టుకునే మందు కలిపిన రకమే కొనాలి, లేకపోతే రెండో వేసవికి పొడిపొడిగా రాలుతుంది. వాన ఆగాలంటే పీవీసీ పూత వేసిన పాలిస్టర్ గుడ్డ తప్పదు, కానీ దాన్ని వేసినప్పుడు వేడిగాలి బయటపడే దారి నడికొప్పులోనో అంచుల్లోనో వదలాలి.

మనలో చాలామంది చేసే తప్పు ఇంకొకటి ఉంది. నెల్లూరులో ఏప్రిల్ 28 ప్రాంతంలో సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, ఒంగోలులో నాలుగైదు రోజుల తర్వాత. ఆ వేళ నీడ పందిరి కిందే పడుతుంది. మూడు గంటలకు సూర్యుడు సగం దిగుతాడు. 10 అడుగుల ఎత్తు పందిరి నీడ దాదాపు 10 అడుగులు తూర్పుకు జరుగుతుంది. మనం పందిరి వేసిన చోట అప్పుడు ఎండ ఉంటుంది, పక్కన రోడ్డు మీద నీడ ఉంటుంది! వడదెబ్బ వేళ కూడా అదే. అందుకని పందిరిని మనుషులు కూర్చునే చోటికంటే పడమటికి ఓ గుంజంత చాచి వెయ్యాలి, లేదా పడమర వైపు నెట్ పరదా దించాలి. నాలుగు వైపులా పరదాలు కడితే మాత్రం లోపల ఉడికిపోతారు. పడమర ఒక్కటి చాలు.

ఇప్పుడు నన్ను బాధపెట్టే విషయం చెబుతాను. చాలా ఏళ్ళ కిందట వైశాఖంలో ఒక పెళ్ళికి షామియానాలు వేశాను. సాయంత్రం భోజనాల వేళ పడమర ఆకాశం ఎర్రబడింది, గాలిదుమారం లేచింది. మూడు షామియానాలు గుంజలతో సహా లేచిపోయాయి. నా దగ్గర పనిచేసే కుర్రాడు తాడు పట్టుకుని వేలాడాడు. గుంజ తగిలి భుజం విరిగింది. ఆ చెయ్యి ఇప్పటికీ పైకి లేవదు. తప్పు నాదే. గూటాలు అడుగున్నర లోతుకు కొట్టి చాలనుకున్నాను. వేసవిలో నల్లరేగడి నెర్రెలిస్తుంది, అందులో కొట్టిన గూటం పాలపన్నులాగా ఊడి వస్తుంది. సముద్రం వైపు ఇసుకలో అసలు పట్టే ఉండదు.

అప్పటినుంచి నేను గాలి లెక్క నేర్చుకున్నాను. గాలి వేగం రెట్టింపైతే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 17 కిలోల బలం చూపిస్తుంది. 15 అడుగులకు 15 అడుగుల షామియానా అంటే దాదాపు 21 చదరపు మీటర్లు. మొత్తం 350 కిలోలు! నాలుగు కొబ్బరితాళ్ళు, నలుగురు కుర్రాళ్ళు దాన్ని ఆపలేరు. మన కోస్తాలో కట్టడాలకు ఇంజనీర్లు లెక్కవేసే గాలి సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. దానికి తట్టుకునే షామియానా లేదు, తుఫాను మాట వింటే విప్పెయ్యడమే. నిజానికి తుఫాను మనకు టైమిస్తుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటడానికి రోజుల ముందే హెచ్చరికలు వచ్చాయి. వేసవి సాయంత్రం లేచే దుమారం అరగంట కూడా ఇవ్వదు. మన పందిళ్ళను పడగొట్టేది ఎక్కువగా అదే.

2019 జూన్‌లో రాజస్థాన్‌లో బాడ్మేర్ జిల్లా జసోల్‌లో రామకథ జరుగుతుండగా గాలివానకు టెంటు కూలింది. 14 మంది పోయారు. కూలిన ఇనుప గుంజల్లో కరెంటు కూడా ప్రవహించింది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే మనందరం అట్లాగే వేస్తున్నాం.

మరి ఏం చెయ్యాలి? రేగడిలో మూడడుగుల ఇనుప గూటం, తాడు లాగే వైపుకు ఎదురుగా వాలుగా కొట్టాలి. సిమెంటు రోడ్డు మీద గూటం దిగదు, మూలకొక 200 లీటర్ల నీళ్ళ డ్రమ్ము పెట్టండి, నాలుగు డ్రమ్ములంటే 800 కిలోలు. గుంజను డ్రమ్ములో నిలబెట్టి ఊరుకోకుండా డ్రమ్ముకు బిగించి కట్టాలి. ఇక గుడ్డ. మనం చదునుగా పరిచేస్తాం. చదునైన గుడ్డ గాలికి టపటప కొట్టుకుంటుంది, వానకు కడుపు దిగుతుంది. ఆ కడుపులో ఒక్క అంగుళం నీళ్ళు నిలిస్తే 15 అడుగుల షామియానా మీద 500 కిలోల పైన బరువు. అదే ఎదురెదురు రెండు మూలలు ఎత్తుగా, మిగతా రెండు మూలలు పల్లంగా కట్టి లాగితే గుడ్డ గుర్రపు జీనులాగా వంగుతుంది. ఒక వైపు వంపు గాలి పైకి లేపకుండా పట్టుకుంటుంది, రెండో వంపు కిందికి జారకుండా పట్టుకుంటుంది. నీళ్ళు పల్లపు మూలల్లోంచి పోతాయి. గుడ్డ అదే, గుంజలు అవే. కట్టే పద్ధతి మారిందంతే. జర్మనీలో ఫ్రై ఓట్టో అనే ఆర్కిటెక్టు జీవితమంతా ఈ వంపుల మీదే పనిచేశాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియం కప్పులో ఆయన చెయ్యి ఉంది. 2015లో ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద గౌరవం, ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు.

నిప్పు గురించి ఒక్కటే మాట. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో స్కూలు వేడుకలో సింథటిక్ గుడ్డ పందిరి అంటుకుని 400 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది పిల్లలు. సింథటిక్ గుడ్డ కాలి, కరిగి, మనుషుల మీద పడుతుంది. వంట పొయ్యి పందిరి కింద పెట్టమని ఎంత పెద్దమనిషి అడిగినా పెట్టకండి.

సోలార్ సంగతికి వస్తాను, చాలామంది దాని కోసమే వచ్చారు. నేను మొదట ఒక కంపెనీ దగ్గర సోలార్ గొడుగులు కొన్నాను. గుడ్డ మీదే పలకలు అతికించి ఉన్నాయి. మడిచి విప్పి, మడిచి విప్పి, లోపలి సెల్లులు పగిలాయి. నడినెత్తిన ఎండలో పెట్టిన బ్యాటరీ రెండో వేసవికి ఉబ్బింది. పలచని ఫిల్మ్ రకం పలకలు చుట్టినా తట్టుకుంటాయి, మామూలు సిలికాన్ సెల్లులు మడతకు ఆగవు. ఇది తెలియక నష్టపోయాను.

ఆ తర్వాత నాకు అర్థమైంది ఇది. పలకను గుడ్డ మీద పెట్టవద్దు, పలకనే పందిరి చేసుకోండి. ఈరోజు దొరికే 550 వాట్ల పలక రెండున్నర చదరపు మీటర్లుంటుంది, బరువు 28 కిలోల దాకా. అంటే ఇద్దరు ముగ్గురు కూర్చునే నీడ అదే ఇస్తుంది. నాలుగు పలకలు గట్టి ఇనుప చట్రం మీద బిగిస్తే 10 చదరపు మీటర్ల కప్పు, పైగా 2 కిలోవాట్ల కరెంటు. బస్టాపుకీ, పాల కేంద్రానికీ, రొయ్యల గుంటల దగ్గర కాపలా పాకకీ సరిపోతుంది. పలక కూడా కాలుతుంది. 42 డిగ్రీల రోజున లోపలి సెల్లు 65 డిగ్రీలకు చేరితే కరెంటు ఏడో వంతు దాకా తగ్గుతుంది, ఆ సెగ కిందికి కూడా వస్తుంది. అందుకని పలక కింద ఓ అడుగు వదిలి షేడ్ నెట్ లాగండి. సముద్రం పక్కనైతే ఉప్పు పేరుకుంటుంది, మంచినీళ్ళతో కడుగుతుండాలి.

చిన్న బండి పెట్టుకున్నవాళ్ళకు అంత అక్కర్లేదు. బీఎల్‌డీసీ ఫ్యాన్, అంటే కరెంటు తక్కువ తీసుకునే కొత్తరకం మోటారు ఫ్యాన్, 30 వాట్లకే తిరుగుతుంది. 100 వాట్ల పలక ఒకటి పగలు రెండు ఫ్యాన్లు నడుపుతుంది, బ్యాటరీతో పనిలేకుండా. ఈ విషయం నాకు ఎంతో నచ్చింది: ఎండ ముదిరినప్పుడే ఫ్యాన్ కావాలి, కరెంటు కూడా అప్పుడే వస్తుంది. రాత్రి లైటుకు మాత్రం చిన్న బ్యాటరీ పెట్టి, దాన్ని నేల దగ్గర నీడలో ఉంచండి. 12 వోల్టుల లైను కాబట్టి ఇనుప గుంజల్లో షాక్ భయం ఉండదు. జసోల్ గుర్తుంచుకోండి. నీళ్ళు చిమ్మే మిస్ట్ ఫ్యాన్లు అడుగుతున్నారు. మార్కాపురం, కనిగిరి పొడిగాలిలో అవి పనిచేస్తాయి. కావలి, నెల్లూరు ఉక్కలో చెమట ఆరదు, ఇంకా తడి చేస్తే బాధ పెరుగుతుంది. ఇక్కడ మామూలు ఫ్యానే మేలు.

చివరగా పెద్దలకు ఒక విన్నపం. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు లక్షలమంది వస్తారు. అది మొహర్రంతో పాటు ఏటా 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జూలై మధ్యలో వచ్చింది. 2028 నాటికి జూన్ మొదటి వారంలో పడుతుంది, అంటే సరిగ్గా రోళ్ళు పగిలే రోహిణి కార్తె. చంటిపిల్లలతో వచ్చే తల్లులు ఆ ఎండలో వరసల్లో నిలబడాలి. హజ్‌కు వెళ్ళొచ్చిన మన నెల్లూరు సోదరులను అడగండి, మదీనా మసీదు ఆవరణలో 250 పెద్ద గొడుగులు పొద్దున విచ్చుకుని సాయంత్రం ముడుచుకోవడం చూసి ఉంటారు. అంత మనకు అక్కర్లేదు. గట్టి పునాదులతో శాశ్వత గుంజలు పాతి, పండుగ ముందు నెట్ బిగించి, అయ్యాక విప్పి దాచుకుంటే చాలు. గుంజలు తుఫానుకు నిలుస్తాయి, నెట్ గోడౌన్‌లో ఉంటుంది. దానికి కావలసిన పనివాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. రెండేళ్ళు ముందుగా మొదలుపెడితే తొందర లేకుండా, భయం లేకుండా అవుతుంది.

ఇప్పుడు పన్నెండు దాటింది. బయట మైదానంలో మా అబ్బాయి రెండు పందిళ్ళు వేసి ఉంచాడు, ఒకటి ఏడడుగుల ఎత్తున నీలం పట్ట, రెండోది 10 అడుగుల ఎత్తున జీను వంపులో రెండు పొరల నెట్. ముందు పట్ట కింద ఐదు నిమిషాలు నిలబడి, తర్వాత రెండోదాని కిందికి రండి. మజ్జిగ అక్కడే పెట్టాం. గూటం కొట్టే పద్ధతి చూడాలనుకున్న టెంట్ కుర్రాళ్ళు సమ్మెట తీసుకుని నాతో రండి.