నిమిషాలు ఎవరికి ఎన్ని?
(విజయవాడలో స్మారక హ్యాండిక్యాప్ సైకిల్ రేసుకు ముందు క్లబ్బు సభ్యుల, వాలంటీర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, రైడర్లకు, ముఖ్యంగా ఆ రోజు సైకిలెక్కకుండా ఎర్రజెండా పట్టుకుని అడ్డరోడ్డు దగ్గర నిలబడబోయే వాళ్లకు నమస్కారం.

రేసు అయిపోయిన సాయంత్రం నాకు వచ్చే ఫోన్లన్నీ ఒక్క విషయం మీదే. "ముందు గ్రూపుకి అన్ని నిమిషాలెందుకిచ్చారండీ?" అని వెనక వాళ్లు అడుగుతారు. "వెనకోళ్లని ఇంకాస్త ఆపితే మీ సొమ్మేం పోయింది?" అని ముందు వాళ్లు అడుగుతారు. అందుకే ఈసారి ఆ లెక్క ఎలా వేస్తామో రేసుకు ముందే చెప్పేద్దామని నిలబడ్డాను.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలు రేసులో అందరూ ఒకేసారి కదులుతారు. హ్యాండిక్యాప్‌లో నెమ్మదిగా తొక్కేవాళ్లను ముందు వదులుతాం, వాళ్లది లిమిట్ గ్రూపు. అందరికన్నా గట్టివాళ్లు ఆఖరున బయల్దేరతారు, వాళ్లది స్క్రాచ్ గ్రూపు. మధ్యలో ఇంకో రెండు గ్రూపులుంటాయి. గీత ముందు దాటినవాళ్లే విజేత. అందరికన్నా తక్కువ టైములో తొక్కినవాళ్లకు వేరే బహుమతి ఉంటుంది. ఇదేం మనం కనిపెట్టింది కాదు. ఆస్ట్రేలియాలో 1895లో మొదలైన మెల్‌బోర్న్–వార్నంబూల్ రేసు చాలా దశాబ్దాలు ఇలాగే నడిచింది. అక్కడ కూడా గెలిచినవాడు ఒకడు, తక్కువ టైము వాడు ఇంకొకడు కావడం మామూలే.

మన పక్క సంక్రాంతికి ఎడ్ల బలప్రదర్శన చూసే ఉంటారు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని విడివిడిగా బరిలోకి దింపుతారు. మనం చేసేది దానికి తలకిందులు. పాలపళ్ల గిత్తల్నీ సీనియర్ జతనీ ఒకే బరిలో దింపి, ఇద్దరికీ గెలిచే వీలుండేలా చూడాలి. విభాగాలు పెట్టేస్తే నాకు సగం తలనొప్పి తప్పుతుంది. కానీ ఎవరి పేరు మీద ఈ రేసు నడుపుతున్నామో ఆ మాస్టారు ఆదివారం రైడ్లలో చేసింది ఇదే. కొత్త పిల్లల్ని ముందు పంపి, తను టీ తాగి తీరిగ్గా బయల్దేరి, వాళ్లను పట్టుకోవడానికి చెమటలు కక్కేవారు. ఆయన పేరు మీద మామూలు రేసు పెట్టడం నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇక లెక్క. అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు మీద 10 కిలోమీటర్లు పోయి రావడం, అలా రెండుసార్లు, మొత్తం 40 కిలోమీటర్లు. గంటకు 30 కిలోమీటర్లు తొక్కే గ్రూపుకి 80 నిమిషాలు పడుతుంది. 32 తొక్కితే 75. 36 తొక్కితే 67కి కొంచెం తక్కువ. 40 తొక్కే స్క్రాచ్ వాళ్లకు సరిగ్గా 60. అంటే లిమిట్ గ్రూపుకి స్క్రాచ్ కన్నా 20 నిమిషాలు ముందు. వాళ్లు మొదటి మలుపు తిరిగే వేళకు స్క్రాచ్ వాళ్లు ఇంకా గీత దగ్గరే ఒక కాలు నేల మీద పెట్టుకుని గడియారం చూస్తుంటారు. ఆ కుర్రాళ్ల టెన్షన్ చూడ్డానికైనా మీరు స్టార్టు దగ్గర డ్యూటీ అడగాలి.

ఇంతవరకు ఐదో తరగతి లెక్కే. కానీ ఆ 30 అన్న అంకె ఎక్కణ్నుంచి తేవాలి? ఒక్క కిలోమీటరు తప్పు పోయిందనుకోండి. లిమిట్ గ్రూపు 30 కాక 31 తొక్కితే రెండున్నర నిమిషాలకు పైగా తేడా వస్తుంది. స్క్రాచ్ 40 కాక 41 తొక్కితే తేడా నిమిషంన్నర లోపే. అంటే నెమ్మదిగా తొక్కేవాళ్ల విషయంలోనే అంచనా ఎక్కువ తప్పుతుంది. అసలు ఇబ్బంది ఏమిటంటే వాళ్ల గురించే మనకు తక్కువ తెలుసు. గట్టివాళ్ల టైములు అందరికీ కంఠతా వచ్చు. కొత్తగా చేరిన బ్యాంకు ఉద్యోగి ఎంత తొక్కుతాడో ఆయనకే తెలీదు.

ఫోన్లో రైడ్లు రికార్డు చేసే స్ట్రావా యాప్‌లో సగటు చూసి వేసేయొచ్చుగా అంటారు. ఆ సగటులో బెంజి సర్కిల్ సిగ్నలు ఉంటుంది, ఉండవల్లి దగ్గర టిఫిన్ ఉంటుంది, ముందున్న స్నేహితుడి వెనక దాక్కుని తొక్కిన దూరమూ ఉంటుంది. అందుకే రేసుకు రెండు వారాల ముందు 10 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కించి టైము రాసుకుంటున్నాం. అదీ చాలదు, ఎందుకంటే నేను నిమిషాలిచ్చేది మనిషికి కాదు, గ్రూపుకి.

గాలి సంగతి చూడండి. వేగం 30 నుంచి 40కి పెరిగితే గాలిని చీల్చడానికి పెట్టాల్సిన పవర్ రెండింతలు దాటిపోతుంది. వెనక తొక్కేవాడికి దాంట్లో పావు వంతు, ఒక్కోసారి మూడో వంతు దాకా కలిసొస్తుంది. అందుకని వంతులవారీగా ముందుకొచ్చి, అర నిమిషం లాగి, పక్కకు తప్పుకుని వెనక్కి పోయే గ్రూపు, అందులో ఏ ఒక్కరి వేగం కన్నా ఎక్కువే పోతుంది. అదే గ్రూపులో ఇద్దరు లాగుతూ నలుగురు వెనక కూర్చుంటే మొదటి ఇద్దరూ అలిసిపోతారు, గ్రూపు విడిపోతుంది. కాగితం మీద రెండింటికీ ఒకే నిమిషాలు. స్క్రాచ్ వాళ్లకు వంతులు తొక్కడం అలవాటు. లిమిట్ వాళ్లకు చక్రానికీ చక్రానికీ మధ్య జానెడు దూరం ఉంటేనే భయం. మన క్లబ్బు రేసుల్లో ముందు గ్రూపు ఓడింది బలం లేక కాదు, వంతులు తొక్కడం రాక. అందుకే ఈ రెండు ఆదివారాలూ లిమిట్ గ్రూపు అంతా కలిసి ప్రాక్టీసుకి రావాల్సిందే. ఆడవాళ్లను కూడా వేగం చూసే గ్రూపులో వేస్తున్నాం, అందులో మార్పు లేదు.

అనుమానం వస్తే నేను ముందు వాళ్లకు అర నిమిషం ఎక్కువే ఇస్తాను, దాపరికం లేదు. వాళ్లను 10 కిలోమీటర్లుండగానే పట్టేస్తే ఆ తర్వాతది మామూలు రేసే. ఆఖరి కిలోమీటర్లో పట్టుకున్నా, పట్టుకోలేకపోయినా అది చూడ్డానికి బావుంటుంది.

మరి బలం దాచుకునేవాళ్లో? ఉన్నారు. టెస్టు రోజు జలుబంటారు, రేసు రోజు గుర్రమెక్కినట్టు వస్తారు. నగదు బహుమతి పెంచుదామని కమిటీలో మాట వచ్చింది, నేను ఒప్పుకోలేదు. డబ్బు పెరిగేకొద్దీ జలుబులు పెరుగుతాయి. షీల్డు, ఒక జత టైర్లు, అంతే. ఒకసారి గెలిచినవాళ్లు మరుసటేడు ఒక గ్రూపు వెనక్కి పోతారు. అలిగినా ఇదే రూలు.

రోడ్డు సంగతి త్వరగా చెప్పేస్తాను. స్టార్టు ప్రకాశం బ్యారేజీకి అవతల పెట్టడానికి కారణం ఉంది. నగరం వైపు ఎన్టీఆర్ జిల్లా కమిషనరేట్, అవతలికి వెళ్తే గుంటూరు జిల్లా పోలీసులు. ఇక్కణ్నుంచి బయల్దేరితే రెండు చోట్లా అనుమతి తెచ్చుకోవాలి. రోడ్డుకి డివైడర్ ఉంది కాబట్టి ఎదురెదురుగా వచ్చే గ్రూపులు తగులుకోవు. భయమల్లా మూడు యూటర్న్‌ల దగ్గరే. అక్కడ ఇసుక, కంకర లేకుండా ముందురోజు సాయంత్రమే ఊడ్వాలి, తెల్లవారుజామున మళ్లీ చూడాలి, ఎందుకంటే రాజధాని పనుల టిప్పర్లు రాత్రంతా తిరుగుతాయి. రైతులు వడ్లో మొక్కజొన్నో ఆరబోసి ఉంటే వాళ్లతో గొడవ వద్దు. పంట వాళ్లది, రేసు మనది. ముందే ఊళ్లోకి వెళ్లి పెద్దమనుషులతో మాట్లాడితే ఆ ఒక్క పూట పక్కకు లాగుతారు. గేదెలకు మాత్రం ఎవరూ చెప్పలేరు, జెండా ఊపి రైడర్లనే ఆపండి.

పొగమంచు పట్టి నూరు మీటర్ల అవతల మనిషి కనపడకపోతే స్టార్టు ఆపేస్తాం. అందరికీ ఒకే అంత ఆలస్యం, గ్రూపుల మధ్య నిమిషాలు మారవు. ఒక గ్రూపు వెళ్లాక మంచు కమ్మితే రేసు రద్దు చేసి వేరే ఆదివారం పెడతాం. 108 వస్తుందిలే అని ఊరుకోకుండా అంబులెన్సు ఒకటి మనమే మాట్లాడాం. హెల్మెట్ లేకుండా వచ్చినవాళ్లు ఎంత దగ్గరివాళ్లైనా ప్రేక్షకులే.

ఫినిష్ దగ్గర ముగ్గురు కావాలి. ఒకరు నంబర్లు గట్టిగా చదవాలి, ఒకరు రాయాలి, ఒకరు ఫోన్లో వీడియో తీయాలి. నాలుగు గ్రూపులూ కలిసి వస్తే పది సెకన్లలో ఇరవై మంది దాటిపోతారు, కంటిని నమ్ముకోవద్దు. నంబరు వీపు మీద కుడివైపు కిందికి పెట్టమని ఇప్పట్నుంచే చెప్పండి, జెర్సీ జేబులో అరటిపండు పెట్టుకుని దాన్ని కప్పేస్తున్నారు.

గ్రూపుల జాబితా శుక్రవారం రాత్రి వాట్సాప్ గ్రూపులో పెడతాను. అభ్యంతరాలు శనివారం మధ్యాహ్నం వరకే. ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తను. అడ్డరోడ్ల డ్యూటీ కాగితం ఆ బల్ల మీద ఉంది, ఇంకా ఏడు చోట్ల పేర్లు లేవు. రాసి వెళ్లండి. ఇప్పుడు ఎవరైనా అడగాల్సింది ఉంటే అడగండి.