ఒప్పుకున్నాక అప్పీలా?

శ్యామల: అమెరికాలో తుపాకీ కేసులో నేరం ఒప్పుకున్నవాడికి అప్పీలు మిగులుతుందా అన్నది ఈ వారం సంగతి. మొదలుపెట్టు రాజూ, బైకుల జోలికి పోకుండా.

రాజు: మాట ఇవ్వలేనక్కా. రోడ్నీ క్లాస్ అనే ఆయన 2013లో వాషింగ్టన్‌లో కాపిటల్, అంటే వాళ్ళ పార్లమెంటు భవనం, ఆవరణ పార్కింగులో జీపు నిలిపాడు. లోపల తుపాకులు దొరికాయి. నేరం ఒప్పుకుని, ఆ చట్టమే రాజ్యాంగానికి విరుద్ధమని అప్పీలుకు వెళ్ళాడు. ఒప్పుకున్నంత మాత్రాన ఆ దారి మూసుకుపోదని 2018లో సుప్రీంకోర్టు 6-3తో తేల్చింది.

శ్యామల: ఫెడరల్, అంటే కేంద్ర కోర్టులో, అప్పీలుకు వెళ్తున్నామనే నోటీసుకు మాత్రం 14 రోజులే.

రాజు: వచ్చేశాయి పద్నాలుగు రోజులు!

శ్యామల: నవ్వు. అప్పీలు హక్కు వదులుకుంటూ సంతకం పెట్టినా, కక్షిదారు వేయమంటే లాయరు నోటీసు వేసి తీరాలని 2019లో అదే కోర్టు చెప్పింది.

రాజు: ఇక మీక్ మిల్.

శ్యామల: అనుకున్నాను.

రాజు: ఫిలడెల్ఫియా రాపర్. 2007లో, 19 ఏళ్ల వయసులో తుపాకీ కేసు. అందులో పడిన ప్రొబేషన్, అంటే షరతులతో జైలు బయట ఉంచే శిక్ష, పదేళ్ల దాకా వదల్లేదు. 2017 నవంబరులో మళ్ళీ రెండు నుంచి నాలుగేళ్ల జైలు. న్యూయార్క్ వీధిలో డర్ట్ బైకు ముందు చక్రం పైకి లేపాడట!

శ్యామల: అదొక్కటేనా? విమానాశ్రయంలో గొడవ, మత్తుమందు పరీక్ష, కోర్టు కట్టడి చేసిన ప్రయాణాలు. షరతంటే షరతే.

రాజు: ప్రాసిక్యూటర్ జైలు అడగలేదు, ప్రొబేషన్ అధికారీ అడగలేదు. జడ్జి ఇచ్చారు.

శ్యామల: వాళ్ళ సిఫారసుకు జడ్జి కట్టుబడనక్కర్లేదు.

రాజు: చక్రం గాలిలో ఉన్నది ఎన్ని క్షణాలు? నేను బీచ్ రోడ్డులో...

శ్యామల: బీచ్ రోడ్డు వద్దు. వినేవాళ్ళకు కంఠతా వచ్చు.

రాజు: సరే. ప్రొబేషన్ రద్దు చేయడానికి జ్యూరీ లేదు, సందేహాతీతంగా రుజువు చేయనక్కర్లేదు. ఇంత తేలికగా మనిషిని లోపల వేయవచ్చా?

శ్యామల: అక్కడ నీతో ఏకీభవిస్తాను. ఇంతకీ 2019 జులైలో శిక్ష కొట్టేశారు కదా, ఎందుకు?

రాజు: సాక్ష్యం చెప్పిన పోలీసు మాట నమ్మదగినది కాదని. ఆగస్టులో తుపాకీ ఉన్నదొక్కటీ చిన్న నేరంగా ఒప్పుకున్నాడు. అదనపు శిక్ష లేదు.

శ్యామల: ఆయన అమెరికా పౌరుడు, ఇంటికి వెళ్ళాడు. వీసా మీద ఉన్న మన పిల్లలకు అలా కాదు. "జైలు లేదు, ప్రొబేషనే కదా" అని సంతకం పెడితే, తుపాకీ నేరం కనుక దేశం దాటించవచ్చు. ఆ ముప్పు లాయరు ముందే చెప్పాలని 2010లో పడిల్లా కేసు తీర్పు. చెప్పారో లేదో సంతకానికి ముందే అడగాలి. నిన్న ఒక తల్లి ఫోను చేసింది, అన్నీ అయిపోయాక.

రాజు: ...ఏమన్నారు?

శ్యామల: ముందు తేదీ అడిగాను.

రాజు: పద్నాలుగా?

శ్యామల: రాష్ట్ర కోర్టు. పెన్సిల్వేనియాలో 30. ప్రొబేషన్ రద్దయ్యాక శిక్ష తగ్గించమని అర్జీ పెట్టుకున్నా ఆ గడువు ఆగదు. చాలామంది అక్కడే...

రాజు: ఆవిడకు ఇంకా ఉందా?

శ్యామల: కాగితాలు పంపుతానంది. రికార్డింగు ఆపు, ఫోను వస్తోంది.