ఆవకాయ వ్యాసం ఫిబ్రవరిలోనే పంపాలి
(వెబ్‌సైటు ఉన్న చిన్న వ్యాపారుల కోసం గుంటూరు బ్రాడీపేటలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కారం, పచ్చళ్ళు, పొడులు అమ్మేవాళ్ళు ఈ హాల్లో ఎక్కువమంది ఉన్నారు. మంగళగిరి చీరల వాళ్ళు, విజయవాడ వైపు నుంచి కొండపల్లి బొమ్మల వాళ్ళు కూడా వచ్చారు. అందరికీ వెబ్‌సైటు ఉంది. కట్టించడానికి డబ్బూ పెట్టారు. కానీ దుకాణం తెరిచి కూర్చున్నా గడప తొక్కేవాళ్ళు లేరన్నట్టుంది పరిస్థితి. మనుషుల్ని రప్పించే మార్గాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కదాని గురించే ఈ పూట మాట్లాడుకుందాం: మీకు బాగా తెలిసిన విషయం మీద వ్యాసం రాసి, వేరేవాళ్ళ సైట్లో వేయించి, అక్కడి పాఠకుల్ని మీ సైటుకు తెచ్చుకోవడం.

ముందు ఒక పాత పద్ధతి సంగతి తేల్చుకోవాలి. ఇప్పటికీ దాన్నే ప్యాకేజీ కట్టి అమ్ముతున్నారు కాబట్టి. 2000 తర్వాతి పదేళ్ళలో ఈజైన్‌ఆర్టికల్స్, గోఆర్టికల్స్ లాంటి ఆర్టికల్ డైరెక్టరీలు జోరుగా నడిచాయి. వ్యాసం ఎవరైనా ఇవ్వచ్చు. చివర రచయిత గురించి రెండు ముక్కలు, ఒక లింకు ఉంటాయి. ఆ లింకు తీయకుండా ఉంటే చాలు, ఎవరైనా ఆ వ్యాసాన్ని తమ సైట్లో పెట్టుకోవచ్చు. ఎన్ని లింకులుంటే గూగుల్‌లో అంత పైకి వచ్చే రోజులవి. దాంతో ఒకే వ్యాసంలో మాటలు అటూ ఇటూ మార్చి వందల చోట్ల దించే సాఫ్ట్‌వేర్లు పుట్టుకొచ్చాయి. 2011 ఫిబ్రవరిలో గూగుల్ పాండా అనే మార్పు తెచ్చి, పసలేని పేజీలతో నిండిన సైట్లను కిందికి తోసేసింది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ వచ్చి, కృత్రిమంగా పోగేసిన లింకుల పని పట్టింది. 2014 జనవరిలో, అప్పుడు గూగుల్‌లో స్పామ్, అంటే చెత్త పేజీల, దొంగ లింకుల వ్యవహారాలు చూసే మాట్ కట్స్, లింకుల కోసం ఇతర సైట్లలో రాసే పద్ధతికి కాలం చెల్లిందని బాహాటంగా రాశారు. 2024 మార్చిలో వచ్చిన స్పామ్ నిబంధనలు, ర్యాంకు కోసం గుట్టలు గుట్టలుగా తయారుచేసే పేజీల్ని పేరుపెట్టి తప్పుపట్టాయి. అవి మనిషి రాసినవా, ఏఐ రాసినవా అన్నది అక్కడ లెక్కలోకి రాదు.

కాబట్టి ‘500 సైట్లలో ఆర్టికల్ సబ్మిషన్’ అని ఎవరైనా ఫోన్ చేస్తే దయచేసి వద్దనండి. ఆ సైట్లు చదివేవాళ్ళు లేరు. ఆ లింకుల్ని గూగుల్ చాలావరకు లెక్కలోకే తీసుకోదు. జూదం సైట్లకూ అప్పుల యాప్‌లకూ మధ్యన మాత్రం మీ దుకాణం పేరు నిలబడుతుంది. పది మంది నిజంగా చదివే ఒక్క సైట్లో వేయించిన ఒక్క వ్యాసం ఆ 500 కంటే మేలు.

మరి దేని గురించి రాయాలి? దీనికి మీ వాట్సాప్ తెరిస్తే చాలు. గత ఆరు నెలల్లో కొనేవాళ్ళు అడిగిన ప్రశ్నల్ని వాళ్ళ మాటల్లోనే ఒక పుస్తకంలో ఎక్కించండి. ‘ఏమండీ, ఆవకాయకి తేజా కారం వేయచ్చా?’ ‘అమెరికా పంపితే పచ్చడి కారిపోదు కదా?’ ‘ఈ చీర మొదటిసారి ఉప్పునీళ్ళలో వేయాలా?’ ముప్ఫై ప్రశ్నలు పోగయితే అందులో ఎనిమిదో పదో మళ్ళీ మళ్ళీ వచ్చినవే కనిపిస్తాయి. అవే మీ వ్యాసాలు. తర్వాత ఆ ప్రశ్నను గూగుల్ పెట్టెలో సగం కొట్టి ఆగండి. మిగతా సగాన్ని జనం ఎలా పూర్తి చేస్తున్నారో కింద కనిపిస్తుంది. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి ఒకసారి చూడండి. మనవాళ్ళు రెండు రకాలుగానూ వెతుకుతారు.

ఒక వ్యాసానికి ఒకటే ప్రశ్న. జవాబు మొదటి పేరాలోనే ఉండాలి. మామూలుగా మనవాళ్ళు ఎలా మొదలుపెడతారో చూడండి: ‘తెలుగువారి భోజనంలో పచ్చళ్ళకు విశిష్ట స్థానం ఉంది. మా సంస్థ నాణ్యతకు మారుపేరు.’ చదివేవాడు ఇక్కడే పేజీ మూసేస్తాడు, ఎడిటరూ మూసేస్తాడు. అదే వ్యాసాన్ని ఇలా ఎత్తుకోండి: ‘ఆవకాయలో కారాన్ని వేయించం, ఉడికించం. పచ్చి కారమే నూనెలో ఊరుతుంది. అందుకని ఘాటొక్కటే చూస్తే చాలదు, రంగూ చూడాలి. మిర్చిలో తేజా రకం బాగా ఘాటు. బ్యాడిగి రంగెక్కువ, ఘాటు తక్కువ. గుంటూరు సన్నం కారానికి పెట్టింది పేరు. ఇంట్లో పిల్లలు తింటారా, పెద్దవాళ్ళు తింటారా అన్నదాన్ని బట్టి వీటిని కలుపుకోవాలి.’ ఇందులో మీ దుకాణం పేరు లేదు. అయినా రాసినవాడికి మిర్చి తెలుసని చదివేవాడికి అర్థమైపోతుంది. లింకు నొక్కించేది ఆ నమ్మకమే. ఆ తర్వాత కలిపే పాళ్ళు, కొత్త పంటకూ కోల్డ్ స్టోరేజీ సరుక్కూ తేడా, కారం ఎప్పుడు పట్టించాలి, ముక్కల తడి తుడవకపోతే బూజు ఎందుకు వస్తుంది, ఇవన్నీ మీరు రోజూ నోటితో చెప్పేవే. ఎవరికో చెబుతున్నట్టు ఫోన్లో రికార్డు చేసుకుని, తర్వాత కాగితం మీద పెట్టండి. 800 నుంచి 1,200 మాటలు సరిపోతాయి. ఏఐకి అప్పజెబితే ఊరూ పేరూ లేని మాటలు వస్తాయి. మిర్చి యార్డులో నిలబడి కాయ విరిచి చూసిన మనిషి చెప్పే సంగతి అందులో ఉండదు, ఎడిటర్లు ఇట్టే పట్టేస్తారు. తప్పులు దిద్దించుకోవడానికి వాడుకోండి, అంతవరకే.

ఇక మన ప్రాంతంలో ఎక్కువ వ్యాసాలు చెడిపోయే చోటు ఒకటుంది, ఫాంటు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో టైపు చేయించి, ఆ ఫైలే మెయిల్లో పంపేస్తారు. ఆ సెంటర్లో కంప్యూటర్ మీద అది ముచ్చటైన తెలుగే. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు కలగలిసిన గందరగోళం. ఎందుకంటే అందులో ఉన్నవి నిజంగా తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు, అంతే. గూగుల్ బొమ్మ చూడదు, అడుగున ఉన్న అక్షరం చూస్తుంది. ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత గుర్తు ఉండే పద్ధతిని యూనికోడ్ అంటారు. కాబట్టి యూనికోడ్‌లోనే టైపు చేయాలి, లేదా యూనికోడ్‌లోకి మార్పించాలి. మార్చాక ఒత్తులు, అరసున్నలు, అంకెలు ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి, ముఖ్యంగా ధరలూ కొలతలూ. సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడం తేలిక: ఒక పేరా కాపీ చేసి మీ ఫోన్లో వాట్సాప్‌లో అతికించండి. తెలుగు తెలుగులా కనిపిస్తే యూనికోడే. వ్యాసాన్ని బొమ్మగా మార్చి పెడితే మాత్రం అసలుకే మోసం. ఫోన్లో బాగానే కనిపిస్తుంది, వెతుకులాటలో చాలావరకు దొరకదు.

మీ సైట్లో పేజీ అడ్రసు విషయంలో దీనికి ఉల్టా. శీర్షిక తెలుగులో పెట్టండి, అడ్రసు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచండి. ‘మిర్చి’ అన్న చిన్న మాటనే తీసుకోండి. కంప్యూటర్ లెక్కలో అందులో ఆరు గుర్తులున్నాయి: మ, గుడి, ర, పొల్లు, చ, గుడి. ఒక్కో గుర్తునూ కంప్యూటర్ మూడు బైట్లుగా, అంటే మూడు ముక్కలుగా దాచుకుంటుంది. తెలుగు అడ్రసును కాపీ చేసి అతికించినప్పుడు చాలాచోట్ల ఒక్కో బైటూ శాతం గుర్తు, దాని వెనక రెండు అక్షరాలుగా మారిపోతుంది. అంటే ఆ ఒక్క మాటే 54 అక్షరాల తోరణం అవుతుంది. అంత పొడుగు లింకు మెసేజీలో తెగిపోతుంది, చూసినవాళ్ళు వైరసేమోనని భయపడతారు.

ఫోటోలు మీవే ఇవ్వండి. నెట్‌లో దొరికినవి వద్దు, హక్కుల గొడవ ఎడిటర్ మెడకు చుట్టుకుంటుంది. 1,200 పిక్సెళ్ళ వెడల్పు, 200 కేబీ లోపు ఉంటే చాలు. ఒక్కో ఫోటోకు ఒక వాక్యం వివరణ రాసి, వ్యాసంలో అతికించకుండా విడిగా పంపండి.

ఎక్కడికి పంపాలన్నది అసలు ప్రశ్న. తెలుగు వెబ్ పత్రికలు, వంటల సైట్లు, ప్రవాస తెలుగు సంఘాల పత్రికలు, మీ వ్యాపారానికి సంబంధించిన పత్రికల ఆన్‌లైన్ సంచికలు, జిల్లా వార్తల సైట్లు. చీరల వాళ్ళకు ఫ్యాషన్ సైట్లకంటే చేనేత మీద రాసే చోట్లు నయం. బొమ్మల వాళ్ళు పిల్లల పెంపకం మీద నడిచే సైట్లు చూడాలి. తెల్ల పొణికి చెక్క ఎందుకంత తేలిక, ముక్కల్ని చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ఎలా అతుకుతారు అని రాస్తే తల్లిదండ్రులు ఆగి చదువుతారు. వికీపీడియాను మాత్రం ఇందులోకి లాగకండి. అది విజ్ఞాన సర్వస్వం, అక్కడ మీ దుకాణం లింకు పెడితే తీసేస్తారు. తీయకపోయినా అక్కడి బయటి లింకులన్నీ నోఫాలోలే, అంటే ర్యాంకు లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు ఉన్నవే.

సైటు మంచిదో కాదో చూడడానికి పది నిమిషాలు చాలు. గూగుల్లో ‘సైట్’ అన్న మాట ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా ఆ సైటు అడ్రసు కొట్టండి. పేజీలేవీ రాకపోతే అది గూగుల్ లెక్కలో లేదన్న అనుమానం పెట్టుకోవాలి. చివరి వ్యాసం ఎప్పుడు వేశారో చూడండి. ఒకే పేజీలో వంట, క్రిప్టో, జుట్టు మందు, ప్యాకర్స్ మూవర్స్ కలిసి ఉంటే వెనక్కి వచ్చేయండి. వ్యాసాలు ఎవరు ఎంచుతున్నారో, ఎడిటర్ పేరు ఎక్కడైనా ఉందో చూడండి. ‘ఇంత కడితే లింకు’ అని ధరల పట్టీ పెట్టిన సైటు దగ్గరికి పోవద్దు. డబ్బిచ్చి వేయించుకుంటే అది ప్రకటనే. ఆ లింకుకు స్పాన్సర్డ్ అనో నోఫాలో అనో గుర్తు పెట్టాలన్నది గూగుల్ నియమం. ఎడిటర్ తనంతట తాను నోఫాలో పెడితే మాత్రం చిన్నబుచ్చుకోకండి. ర్యాంకు సంగతి ఎలా ఉన్నా, నొక్కిన మనిషి మీ దుకాణానికే వస్తాడు.

ఎడిటర్‌కు మెయిల్ రాసేటప్పుడు ఏడెనిమిది వాక్యాలు దాటద్దు. ‘సర్/మేడమ్, మీ వంటల విభాగంలో మాగాయ మీద వచ్చిన వ్యాసం చదివాను. ఆవకాయకు ఏ మిర్చి వాడాలన్న దాని మీద మీ పాఠకుల కోసం వెయ్యి మాటల వ్యాసం రాయగలను. తేజా, సన్నం, బ్యాడిగి తేడాలు, కలిపే పాళ్ళు, నిల్వలో వచ్చే తప్పులు ఉంటాయి. నాలుగు సొంత ఫోటోలు ఇస్తాను. ఇది ఇంతకుముందు ఎక్కడా రాలేదు. గుంటూరులో ఎండుమిర్చి వ్యాపారం చేస్తున్నాను.’ ఇంతే. పది రోజులు ఆగి ఒక్కసారి గుర్తు చేయండి. ఆ తర్వాతే ఇంకో ఎడిటర్‌ను అడగండి. ఒకే వ్యాసం ఇద్దరికీ ఒకేసారి ఇచ్చి ఇద్దరూ వేశారంటే, ఆ రెండు తలుపులూ మీకు మూసుకుపోయినట్టే.

రచయిత పరిచయం మూడు వాక్యాలు, ఒకే లింకు. లింకు మాట మీ దుకాణం పేరే అయి ఉండాలి. ‘బెస్ట్ గుంటూరు కారం ఆన్‌లైన్’ అని పెడితే ఎడిటర్‌కూ గూగుల్‌కూ ఒకేలా అనుమానం వస్తుంది. ఆ లింకు హోమ్ పేజీకి వెళ్ళకూడదు. ఆవకాయ వ్యాసం చదివి వచ్చినవాడికి ఆవకాయ కారాల పేజీయే కనిపించాలి: ధర, బరువు, ఏయే ఊళ్ళకు పంపుతారు, ఆహార లైసెన్సు తాలూకు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, వాట్సాప్ బటన్. ఆ బటన్ వెనక ‘ఆవకాయ వ్యాసం చూసి అడుగుతున్నాను’ అన్న మాట ముందే నింపి పెట్టించండి. నంబరు 91తో మొదలవ్వాలి, ప్లస్సు, సున్నా, ఖాళీలు ఉండకూడదు. మెసేజీ రాగానే ఏ వ్యాసం పనిచేసిందో మీకే తెలిసిపోతుంది. ఎవరు ఏ లింకు నుంచి వచ్చారో చూపే యూటీఎమ్ ట్యాగులు, సైటుకు వచ్చినవాళ్ళను లెక్కపెట్టే ఎనలిటిక్స్ కూడా ఉన్నాయి, మీ సైటు కట్టినవాళ్ళు అరగంటలో పెట్టేస్తారు.

అదే వ్యాసాన్ని మీ సైట్లోనూ పెట్టుకోవచ్చా అని చాలామందికి సందేహం. పెడితే శిక్షేమీ ఉండదు. కానీ ఒకేలా ఉన్న రెండింటిలో గూగుల్ ఒకదాన్నే చూపిస్తుంది, అది చాలాసార్లు పెద్ద సైటే అవుతుంది. పత్రికకు ఇచ్చింది పత్రికకే వదిలేయండి. మీ సైట్లో ఆ విషయం మీదే వేరే కోణంలో, చిన్నది రాసుకోండి. మీ సైటు కోసం రాసుకున్నదాన్ని మీడియం లాంటి, ఎవరైనా రాసుకోగల సైట్లో మళ్ళీ వేయాలనుకుంటే ముందు మీ సైట్లో వేసి, సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ పనిముట్టులో అది గూగుల్‌కు చేరిందని చూసుకుని, ఆ తర్వాత అక్కడి ఇంపోర్ట్ సదుపాయంతో తెచ్చుకోండి. అసలు పేజీ మీదేనన్న గుర్తు దానంతట అదే పడుతుంది.

సమయం సంగతి. ఆవకాయ మే నెలలో పెడతారు. ఏ కారం కొనాలన్న వెతుకులాట అంతకు ముందే మొదలవుతుంది. ఎడిటర్ చూసి వేయడానికి మూడు నాలుగు వారాలు, గూగుల్‌లో కుదురుకోవడానికి ఇంకొన్ని వారాలు. అందుకే వ్యాసం ఫిబ్రవరిలోనే వెళ్ళిపోవాలి, కొత్త మిర్చి యార్డుకు దిగుతున్న రోజుల్లోనే. ఫోటోలకు కూడా అదే అదును. నెలకొక వ్యాసం చాలు. ఏడాదికి పన్నెండు, అందులో నాలుగైదు నిలబడినా మంచి పంటే.

వ్యాసం అచ్చయ్యాక మొదటి వారం దాని కింద అడిగే ప్రశ్నలకు మీరే జవాబివ్వండి. ఏడాదికోసారి మీ పేజీలో ధరలు సరిచేయండి. సైటు కొత్తగా కట్టించినప్పుడు చాలామంది పాత పేజీల్ని తుడిచేస్తారు. అన్నాళ్ళు కష్టపడి తెచ్చుకున్న లింకులన్నీ ఆ రోజుతో ఖాళీ గోడకు తగులుతాయి. అడ్రసు మారితే పాతదాన్నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్, అంటే పాత అడ్రసు నొక్కినవాళ్ళను దానంతట అదే కొత్తదానికి పంపే ఏర్పాటు పెట్టమని మీ డెవలపర్‌కు రాతపూర్వకంగా చెప్పండి. పెట్టాక పాత లింకు మీరే నొక్కి చూడండి.

ఇప్పుడు ఫోన్లు తీయండి. ముందు మీ సొంత సైట్ల అడ్రసులకే ఆ ‘సైట్’, కోలన్ పరీక్ష పెట్టి, ఎన్ని పేజీలు వస్తున్నాయో చూద్దాం.