ప్యాకేజీ మేనేజర్‌కు తెలియకుండా వచ్చిన ప్రోగ్రాములు

అందరికీ నమస్కారం.

డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో మనకు కావాల్సిన సాఫ్ట్‌వేర్‌కు చాలాసార్లు పాత వెర్షనే దొరుకుతుంది. కొత్తది కావాలంటే సోర్స్ కోడ్ దించుకుని, కంపైల్ చేసి (అంటే నడిచే ప్రోగ్రాంగా మార్చి), చివరికి దాన్ని సిస్టమ్‌లో పెట్టే ‘సుడో మేక్ ఇన్‌స్టాల్’ కమాండ్ కొడతాం. పని అయిపోతుంది. అలా పెట్టిన సంగతి ఆర్నెల్లకు మనకే గుర్తుండదు. సాఫ్ట్‌వేర్‌ను పెట్టడం, అప్‌గ్రేడ్ చేయడం, తీసేయడం చూసుకునే ప్యాకేజీ మేనేజర్‌కైతే అసలు తెలియనే తెలియదు. ఈ రోజు నేను మాట్లాడబోయేది అలాంటి ప్రోగ్రాముల గురించే.

డెబియన్‌లో ఇన్‌స్టాల్ పని చేసేది డీపీకేజీ (dpkg) అనే ప్రోగ్రాం. ఏ ప్యాకేజీ ఉంది, ఏ వెర్షన్ అనేది /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసుకుంటుంది. ఏ ప్యాకేజీ ఏయే ఫైళ్లు పెట్టిందన్న జాబితాలు దాని పక్కనే ఇన్ఫో అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ‘ఈ ఫైలు ఎవరిది?’ అని అడిగితే ఆ జాబితాల్లో వెతికి చెబుతుంది. మీరు సొంతంగా పెట్టిన ఫైలు గురించి అడగండి, అలాంటి దారే కనబడలేదంటుంది. పొలం దున్నేది ఎవరైనా, అడంగల్‌లో పేరు లేకపోతే ఆఫీసు లెక్కలో ఆ రైతు లేనట్టే కదా. డీపీకేజీ తీరూ అదే. డిస్క్ మీద ఏముందో వెతకదు, తన చిట్టాలో ఏముందో చూస్తుంది.

మరి తన చిట్టాలో లేని ఫైలు దారికి అడ్డొస్తే ఏం చేస్తుంది? ఒక్కో ప్యాకేజీ మేనేజర్‌ది ఒక్కో పద్ధతి. సిస్టమ్ ప్రోగ్రాములుండే /యూఎస్ఆర్/బిన్‌లో మీరు ఒక ప్రోగ్రాం పెట్టారు, తర్వాత అదే పేరుతో ఒక ప్యాకేజీ వచ్చింది అనుకోండి. డీపీకేజీ మాట మాత్రం చెప్పకుండా మీ ఫైలు మీద తన ఫైలు రాసేస్తుంది. అదే ఫైలు ఇంకో ప్యాకేజీదైతే మాత్రం ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. /ఈటీసీలోని కాన్ఫిగరేషన్ ఫైళ్ల విషయంలో ఎంతో మర్యాదగా ఉంటుంది: ఇది మీరో మీ స్క్రిప్టో పెట్టినట్టుంది, ఉంచమంటారా, మార్చమంటారా అని అడుగుతుంది. ఆర్చ్ లినక్స్‌లోని ప్యాకేజీ మేనేజర్ ప్యాక్‌మన్ మామూలు ఫైళ్ల దగ్గరా ఆగుతుంది. ‘ఈ ఫైలు ఇక్కడ ముందే ఉంది’ అని ఇన్‌స్టాల్‌నే ఆపేస్తుంది. నా ఓటు ప్యాక్‌మన్‌కే. తనది కాని ఫైలును అడగకుండా చెరిపే హక్కు ఏ ప్రోగ్రాంకూ ఉండకూడదు.

ఈ గొడవ రాకూడదనే /యూఎస్ఆర్/లోకల్ అనే చోటు ఉంది. ఆ చోటు సిస్టమ్ చూసుకునే మనిషిది. ప్యాకేజీలు అక్కడ ఫైళ్లు పెట్టకూడదని, మహా అయితే ఖాళీ ఫోల్డర్లు చేసుకోవచ్చని డెబియన్ నియమం. కమాండ్ కొట్టినప్పుడు దాన్ని నడిపే షెల్ మామూలుగా ముందు /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లోనే వెతుకుతుంది. అంటే మీరు పెట్టిందే గెలుస్తుంది. కావాలనే అలా ఏర్పాటు చేశారు. అయితే గెలిచిన ప్రోగ్రాం బాగోగులు కూడా మీవే.

ఆ మాట ఎంత బరువైనదో 2014 ఏప్రిల్ 7న తేలింది. ఇంటర్నెట్‌లో వెళ్లే సమాచారాన్ని రహస్యంగా ఉంచే లైబ్రరీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడిన రోజది. 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా ఉన్న వెర్షన్లలో, ఒక్కో అభ్యర్థనతో సర్వర్ మెమరీ నుంచి 64 కిలోబైట్ల దాకా అవతలివాళ్లు లాక్కోవచ్చు. పాస్‌వర్డులు, ప్రైవేట్ కీలు, ఆ సమయానికి అక్కడ ఏముంటే అది. డెబియన్ వెంటనే సరిచేసిన ప్యాకేజీ ఇచ్చింది. అప్‌గ్రేడ్ చేసి, సర్వీసులు రీస్టార్ట్ చేసినవాళ్లకు ఆ రంధ్రం మూసుకుపోయింది. (కీలు, సర్టిఫికెట్లు మార్చుకోవడం వేరే పని, అదీ తప్పలేదు.) మరి ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ను సొంతంగా కంపైల్ చేసి, పాత ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌ను అందులోనే కలిపేసుకున్నవాళ్ల సంగతి? వాళ్లూ అప్‌గ్రేడ్ కొట్టారు. సిస్టమ్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ మారింది. ఇక అప్‌గ్రేడ్ చేయాల్సినవి సున్నా అని తెర మీద వచ్చింది. ఆ మాట అబద్ధం కాదు, చిట్టా ప్రకారం నిజమే. కానీ బయటి ప్రపంచానికి జవాబిస్తున్న ఎన్‌జిన్‌ఎక్స్ లోపల పాత కోడ్ అలాగే ఉంది. దాన్ని మళ్లీ కంపైల్ చేయాలని చెప్పేవాళ్లు సిస్టమ్‌లో ఎవరూ లేరు.

పైథాన్ దగ్గర ఈ సమస్య ఇంకా ఎక్కువ మందిని తాకింది. పైథాన్ లైబ్రరీలు తెచ్చే పనిముట్టు పిప్. ‘సుడో పిప్ ఇన్‌స్టాల్’ అంటే లైబ్రరీ వెళ్లి /యూఎస్ఆర్/లోకల్ కింద కూర్చుంటుంది. సిస్టమ్ పైథాన్ ముందు అక్కడే వెతుకుతుంది కాబట్టి, పైథాన్‌లో రాసిన సిస్టమ్ పనిముట్లు కూడా ఆ కొత్త లైబ్రరీనే తీసుకుని, అది పొసగక ఆగిపోవచ్చు. అందుకే పెప్ 668 అనే పైథాన్ ప్రతిపాదన వచ్చింది. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12లో పైథాన్ ఫోల్డర్‌లో ఒక చిన్న గుర్తు ఫైలు పెట్టారు. పిప్ దాన్ని చూసి, ఈ చోటును వేరేవాళ్లు చూసుకుంటున్నారు, నేను ముట్టుకోను అంటుంది. ఆ ఎర్రర్ చూసి చాలామంది విద్యార్థులకు టెన్షన్ వస్తుంది, ఇంటర్నెట్‌లో దొరికిన ఆప్షన్ తగిలించి ముందుకు తోసేస్తారు. దయచేసి అలా చేయకండి. ప్రాజెక్టుకు వీఈఎన్‌వీ (విడిగా ఉండే పైథాన్ చోటు) చేసుకోండి, కమాండ్‌గా వాడే ప్రోగ్రాం అయితే పిప్‌ఎక్స్ వాడండి. రెండు మేనేజర్లు ఒకే ఫోల్డర్‌లో పనిచేస్తున్నప్పుడు ఒకటి వెనక్కి తగ్గడం నేర్చుకుంది. గత కొన్నేళ్లలో ఈ రంగంలో జరిగిన మంచి పనుల్లో ఇదొకటని నేను గట్టిగా నమ్ముతాను.

విండోస్‌లోని ప్యాకేజీ మేనేజర్ విన్‌గెట్ దారి వేరు. తాను పెట్టని ప్రోగ్రాములనూ జాబితాలో చూపిస్తుంది, తన దగ్గర జత దొరికితే అప్‌గ్రేడ్ కూడా చేస్తుంది. అక్కడ ఇన్‌స్టాలర్లు విండోస్ సెట్టింగుల చిట్టా అయిన రిజిస్ట్రీలో తమ పేరు నమోదు చేసుకుంటాయి కాబట్టి అది కుదురుతుంది. మన మేక్ ఇన్‌స్టాల్ ఎక్కడా ఏమీ రాయదు.

రాయించే పని మనమే చేయాలి. గ్నూ స్టో వాడితే ఒక్కో ప్రోగ్రాం తన సొంత ఫోల్డర్‌లో ఉంటుంది, బయటికి లింకులే కనిపిస్తాయి, తీసేయడం ఒక్క కమాండ్. చెక్‌ఇన్‌స్టాల్ అయితే మేక్ ఇన్‌స్టాల్ పెట్టే ఫైళ్లను గమనించి డెబియన్ వాడే డెబ్ ప్యాకేజీగా కడుతుంది, అలా చిట్టాలోకి ఎక్కుతుంది. ఇక మెయిల్ సర్వర్ మీరే కట్టుకున్నారు, ఇంకో ప్యాకేజీయేమో మెయిల్ సర్వర్ లేనిదే రానంటోంది అనుకోండి. ఈక్వివ్స్ అనే పనిముట్టుతో ఒక ఖాళీ ప్యాకేజీ చేసి ‘ఉంది’ అని చెప్పొచ్చు. డెబియన్ మీ మాట నమ్ముతుంది, నిజమా కాదా అని పరీక్షించదు. రేపు ఆ సర్వర్ తీసేస్తే ఆ ఖాళీ ప్యాకేజీనీ తీసేయాలి.

ఇంటికెళ్లాక /యూఎస్ఆర్/లోకల్, విడి సాఫ్ట్‌వేర్ పెట్టే /ఆప్ట్ ఫోల్డర్లు రెండూ తెరిచి చూడండి. పేరు గుర్తుపట్టలేని ప్రోగ్రాం ఏదైనా ఉంటే దాని వెర్షన్ ఎంతో, నడుస్తోందో లేదో కనుక్కోండి. అక్కర్లేనిది తీసేయండి. ఉంచేదానికి మాత్రం ఎక్కడి నుంచి తెచ్చారు, ఎందుకు పెట్టారు, ఏ ఆప్షన్లతో కంపైల్ చేశారు అనేవి ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి అక్కడే ఉంచండి. అది ఇంటర్నెట్‌కు జవాబిచ్చే ప్రోగ్రాం అయితే, దాన్ని తయారుచేసేవాళ్ల భద్రతా ప్రకటనలు మీ మెయిల్‌కు వచ్చేలా ఆ రోజే చేసుకోండి.