మానే శిష్యురాలట! ఎవరికి ఎవరు శిష్యులు?

ఆగండాగండి, స్క్రోల్ చేయకండి! పోయిన వీడియోలో పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారిణి బెర్త్ మోరిసో పేరెత్తానో లేదో, కింద కామెంట్లలో ఒకటే గోల. ఆవిడ చిత్రకారుడు ఎదువార్ మానే శిష్యురాలు కదా బ్రో, ఆయన బొమ్మల్లో మోడల్ కదా బ్రో అని. మోడల్, నిజమే. శిష్యురాలు మాత్రం కాదు బ్రో! రాసి పెట్టుకోండి. నేర్పింది ఆవిడ, నేర్చుకుంది ఆయన.

(మానే వేరు, మోనే వేరు, ఇద్దరూ చిత్రకారులే. మళ్ళీ అడిగితే బ్లాక్ చేస్తా.)

మానే ఆవిడకి పరిచయమైంది 1868లో, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో. ఆవిడ బొమ్మలు పారిస్ సలోన్‌కి, అంటే అక్కడి అధికారిక చిత్రప్రదర్శనకి, ఎక్కింది 1864లో! పేరున్న ప్రకృతి చిత్రకారుడు కోరో దగ్గర నేర్చుకుని, ఆరుబయట కూర్చుని వేస్తున్న మనిషికి ఈయనొచ్చి అఆలు దిద్దించాడా?

దిద్దాడు లెండి. అఆలు కాదు, ఏకంగా బొమ్మే దిద్దేశాడు! 1870. అమ్మనీ అక్క ఎడ్మానీ కూర్చోబెట్టి వేసిన బొమ్మ, సలోన్‌కి పంపాలి. చూడ్డానికొచ్చిన మానే అమ్మ గౌను కింది అంచు దగ్గర కుంచె పెట్టాడు. అక్కణ్ణుంచి పైకి, తల, వెనకాల భాగం... ఆగితేగా! పైగా జోకులు, పకపకలు. అమ్మకేమో తమాషాగా ఉంది. బెర్త్‌కి ప్రాణం పోయినట్టుంది. సలోన్ వాళ్ళు వద్దంటే బాగుండునని అక్కకి ఉత్తరం రాసింది. వాళ్ళేమో తీసుకున్నారు!

ఆ బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. జూమ్ చేయండి. అమ్మ నల్లగౌను మీద దబదబా లాగిన మందపు పూత. పక్కనే ఎడ్మా తెల్లగౌను, పల్చగా, వెలుతురు లోపల్నుంచే వస్తున్నట్టు. మానే గారి చేతివాటం ఎక్కడిదాకా పోయిందో మీకే తెలుస్తుంది.

1874లో ఇంప్రెషనిస్టుల (మారే వెలుతురుని అప్పటికప్పుడు పట్టి వేసే కొత్త తరహా చిత్రకారుల) మొదటి ప్రదర్శన. వద్దన్నాడు మానే. ఆవిడ వెళ్ళింది! మొత్తం ఎనిమిది ప్రదర్శనల్లో ఏడింట్లో ఉంది, కూతురు జూలీ పుట్టాక వచ్చిన 1879దొక్కటే తప్పింది. ఈయనగారు? సున్నా. కానీ అదే 1874లో పారిస్ దగ్గరి ఆర్జెంతయ్‌ ఊళ్ళో ఆరుబయట కూర్చుని లేతరంగులు వేస్తున్నాడు! మానేని అలా మార్చిన క్రెడిట్ అందరూ మోనేకిస్తారు. అప్పటికి ఆరేళ్ళుగా కళ్ళముందే ఉన్న బెర్త్‌కి ఎందుకివ్వరు? ఆ డిసెంబర్‌లోనే మానే తమ్ముడు యూజీన్‌ని పెళ్ళాడింది, ఈయన బావగారయ్యాడు. రుజువేదీ అంటారా? బొమ్మలున్నాయి, మీకు కళ్ళున్నాయి.

1875 వేలంపాటలో ఆవిడ బొమ్మ ఒకటి 480 ఫ్రాంకులు పలికింది. తోటి ఇంప్రెషనిస్టులు మోనే, రెన్వా, సిస్లే, ఎవరికీ అంత రాలేదు! అలాంటి మనిషి 1895లో పోతే మరణపత్రంలో వృత్తి దగ్గర ఏం రాశారో తెలుసా?

ఏమీ లేదని. సమాధి మీదేమో, యూజీన్ మానే వితంతువు అని.